ఐదు డాలర్ల కంచె

డెల్ఫిన్ పోయిన ఏడాదికి, ఆమె పేరున ఊరికి దానాలు పంచిపెట్టే పంపకం జరిగిన రోజున, అమెరికాలో ఒక ఆదివాసీ తెగ నడిపే రీడ్ లేక్ కాసినో పోకర్ గదిలో మూడో బల్ల మీద ఒక ఆట ఆడారు. ఒక్కటే ఆట. ఏడుగురు కూర్చున్నారు. ముక్కలు ఎవరూ చూసుకోలేదు. ముందున్న పందెం బిళ్ళలన్నీ బల్ల మధ్యకు తోసేశారు. గెలిచినవాడు అందులో ఒక్క డాలరు కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదు. పొద్దు గూకేలోగా తన రక్తం కాని వాళ్ళకు పంచెయ్యాలి. ముసలి హ్యూబర్ట్ గెలిచాడు, పంచేశాడు. పిండి బస్తాలు, పసిపిల్లలకు గుడ్డలు, నలుగురు ముసలివాళ్ళ ఇళ్ళకు గ్యాసు. రీడ్ లేక్ మనుషుల లెక్కలో అది జూదం కాదు. పోయిన మనిషికి చేసే ఆఖరి మర్యాద.

రాష్ట్రం లెక్కలో మాత్రం అది పదకొండు వందల నలభై డాలర్ల పందెం. తెగకూ రాష్ట్రానికీ మధ్య ఉన్న ఒడంబడిక ప్రకారం పోకర్‌లో ఏ పందెమూ ఐదు డాలర్లు దాటకూడదు. దాటితే అక్కడ తెగ పెట్టిన ఇన్‌స్పెక్టరు ఆట ఆపించి, మూడు రోజుల్లో రాష్ట్రానికి రాసి పంపాలి. ఆ రోజు ఇన్‌స్పెక్టరు ఓర్విల్ గుడ్‌స్కై. పోయినావిడ మొగుడు. అతను ఆపలేదు, రాయలేదు. ఇంకెవరో రాశారు. కిందటి వారం మనం ఓర్విల్‌ని వదిలింది రాష్ట్రం నుంచి వచ్చిన ఉత్తరం చేతిలో ఉండగా. మంగళవారం ఉదయం పది గంటలకు మా మనిషి వస్తాడు, వాంగ్మూలం ఇవ్వండి అని అందులో ఉంది.

మంగళవారం వచ్చింది.

ఎనిమిదింటికే ఓర్విల్ కాసినో వెనక, సరుకు లారీలు ఆగే చోట, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నాడు. సరస్సు మీది నుంచి గాలి విసురుగా కొడుతోంది. ఇదే గాలి ఇంకో రెండు రోజులు కొడితే సరస్సు నీళ్ళలో వాటంతటవే పండిన అడవి వడ్లన్నీ రాలి నీళ్ళ పాలవుతాయి. ఊళ్ళో సగం మంది పడవల్లో వెళ్ళి ఆ వడ్లు కర్రలతో దులుపుతున్నారు. పడవల్లో లేనివాళ్ళు లోపల విసుక్కుంటూ పని చేస్తున్నారు.

డెల్ఫిన్ పోయాక ఓర్విల్ కూర్చోవడం మానేశాడు. నిలబడి తింటాడు. బూట్లతోనే పడుకుంటాడు. ఇంట్లో ఉంటే బయటికి పోవాలనిపిస్తుంది, బయటికి వస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

వెనక తలుపు తోసుకుని రోవెనా వచ్చింది. డెల్ఫిన్ చెల్లెలు. యాభై రెండేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే పోకర్ గదిలో ముక్కలు పంచుతోంది. ఆ రోజు మూడో బల్ల మీద పంచిందీ ఆవిడే.

"బావా, నీ నడకకి సిమెంటు అరిగిపోతోంది. జీతంలో కోస్తారు చూస్కో."

"నోర్ముయ్యవే."

"ఈ నడిచేదేదో పడవెక్కి కర్రన్నా వెయ్యరాదూ? మావాడు పొద్దున్నే నాలుగు బస్తాలు దులుపుకొచ్చాడు. అయినా నిన్నెక్కించుకుంటే వడ్లకి చోటెక్కడిది, నీ బొజ్జే రెండు బస్తాలు."

ఓర్విల్ నవ్వలేదు. రోవెనా సిగరెట్టు వెలిగించింది.

"నిన్న క్లేటన్ పిలిచాడు."

"ఏమంటాడు చైర్మన్ దొర?"

"తప్పు నాదని ఒప్పుకోమన్నాడు. ఇన్‌స్పెక్టరు చూడనప్పుడు డీలరు సొంత బుద్ధితో చేసిందని రాస్తారట. ఐదేళ్ళు లైసెన్సు తీసేస్తారు. తర్వాత తనే ఇప్పిస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

ఓర్విల్ ఆగాడు. పొద్దుటి నుంచి అతను ఆగడం అదే మొదలు.

"నిన్నెవరు సరేననమన్నారు? లైసెన్సు పోతే ఈ రాష్ట్రంలో ఏ కాసినోలోనూ గిన్నెలు తోమడానికి కూడా రానివ్వరు. ఇక్కడ ఇంకేం పని ఉంది, చేపలు అమ్ముతావా?"

"అమ్ముతా. నీకు అరువివ్వను." ఆమె సిగరెట్టు ఆర్పేసింది. "అక్క పేరున ఆడిన ఆట బావా. దానికోసం పోతే పోనీ. వాళ్ళు రాసి తెచ్చే కాగితం మీద నువ్వు సంతకం పెట్టెయ్. రాష్ట్రం నుంచి వచ్చే ఆ గుండర్సన్ పోతాడు, శుక్రవారం కొత్త ఒడంబడిక మీద సంతకాలవుతాయి, అందరూ తింటారు."

"నువ్వు తప్ప."

"నేను లావుగానే ఉన్నాలే."

పై అంతస్తులో సమావేశం గది. కిటికీలోంచి సరస్సు మీద పడవలు కనిపిస్తున్నాయి. క్లేటన్ లాప్రేరీ ముందే వచ్చి కూర్చున్నాడు. తెగ మండలికి చైర్మన్. నలభై ఐదేళ్ళు. ఓర్విల్‌కు అన్న కొడుకు వరస. ఇస్త్రీ చొక్కా, మెడలో పూసల టై. అతను చెడ్డవాడు కాదు. ఓర్విల్‌కు అదే ఒళ్ళుమంట. చెడ్డవాడైతే పని సులువయ్యేది.

రాష్ట్రం మనిషి గుండర్సన్ పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. అందరితో చేయి కలిపాడు. పోయిన మీ భార్య గురించి విన్నాను, విచారిస్తున్నాను అన్నాడు. ఓర్విల్ తల ఊపలేదు. రోవెనా గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఓర్విల్ కూర్చోలేదు.

"కూర్చో బాబాయ్," అన్నాడు క్లేటన్.

"నా కాళ్ళు నావి."

గుండర్సన్ కంప్యూటరు తిప్పి పెట్టాడు. తెర మీద మూడో బల్ల. మాటలు వినపడవు, బొమ్మే. ఏడుగురూ బిళ్ళలు మధ్యకు తోశారు. రోవెనా ముక్కల కట్ట చేత్తో పట్టుకుని ఆగింది. తలెత్తింది. కెమెరాకు ఎడమ వైపున స్తంభం పక్కన ఓర్విల్. చేతులు జేబుల్లో. నాలుగు క్షణాలు. తర్వాత రోవెనా పంచడం మొదలుపెట్టింది.

గుండర్సన్ బొమ్మ ఆపాడు.

"ఇక్కడ ఆవిడ మీ వైపు చూశారు. మీరు చెయ్యెత్తలేదు. తలూపలేదు. ఏమన్నా అన్నారా?"

"అనలేదు."

"అయితే మీరు అనుమతి ఇచ్చినట్టు నాకు ఎక్కడా కనపడటం లేదు. మీరు వేరే ఆలోచనలో ఉన్నారని చైర్మన్ గారు చెబుతున్నారు. ఆ రోజున అది సహజం కూడా."

క్లేటన్ ఒక కాగితం ముందుకు జరిపాడు. నీటుగా అచ్చు వేసి ఉంది. ఓర్విల్ నిలబడే చదివాడు. ఆ సమయంలో నా దృష్టి బల్ల మీద లేదు. పరిమితి దాటిన సంగతి నాకు తర్వాత తెలిసింది. డీలరు నన్ను అడగలేదు.

"ఎవరు రాశారిది?"

"లాయరు."

"నేను చూశానో లేదో లాయరుకెట్లా తెలుసురా? నా కళ్ళు ఆ లాయరు దగ్గర పెట్టి పోయానా?"

"బాబాయ్." క్లేటన్ గొంతు తగ్గించాడు. "డీలరు తప్పయితే అది ఒక మనిషి తప్పు. ఇన్‌స్పెక్టరుకి తెలిసే జరిగితే తెగ తప్పు. తెగ తన ఆటల్ని తానే చూసుకోలేదని రాష్ట్రం అంటుంది. అప్పుడు శుక్రవారం సంతకాలుండవు. కొత్త దాంట్లో పోకర్‌కి పరిమితే లేదు. ఇరవై బల్లలు. పట్నాల నుంచి పెద్ద ఆటగాళ్ళొస్తారు. క్లినిక్ కప్పు కారుతోంది, తెలుసుగా? పిన్ని ఆఖర్న పడుకున్న మంచం పక్కనే బకెట్ పెట్టారు."

ఆ బకెట్టు ఓర్విల్‌కు తెలుసు. రాత్రీ పగలూ దాని చప్పుడు విన్నాడు. క్లేటన్ ఆ మాట అన్నందుకు అతని దవడ మీద ఒకటివ్వాలనిపించింది. క్లేటన్ మీద నుంచి కోపం పక్కకు జరిగి, ఎప్పుడూ పడే చోటే పడింది. గుండర్సన్ వైపు తిరిగాడు.

"మీ ఐదు డాలర్లు! పంతొమ్మిదేళ్ళుగా మా మెడకి తాడు కట్టి పట్టుకున్నారు. రోడ్డు అవతల మీ తెల్లవాళ్ళ క్లబ్బులో వంద ఆడొచ్చు. మా నేల మీద మేం ఐదు. ఎందుకు? మేం పిల్లలమా? మా చచ్చినోళ్ళ పేరున ఆడుకునే ఆటక్కూడా మీ తాడేనా?"

గుండర్సన్ కోపం తెచ్చుకోలేదు. ఏదో అర్థం కానట్టు చూశాడు.

"ఆ ఐదు మేం పెట్టింది కాదు గుడ్‌స్కై గారూ."

"మరెవరు పెట్టారు, సరస్సులో చేపలా?"

"సార్, ఆ విషయం ఇప్పుడెందుకు," అన్నాడు క్లేటన్ తొందరగా.

ఆ తొందరే ఓర్విల్‌ను పట్టుకుంది.

"ఎందుకో చెప్పనీ."

గుండర్సన్ పాత దస్త్రం తెరిచాడు. కాగితాలు పసుపు రంగుకు తిరిగాయి. కొత్త ఒడంబడిక కోసం పాతదంతా చదవాల్సి వచ్చిందని చెబుతూ ఒక పుట దగ్గర వేలు పెట్టాడు.

"మొదటి చర్చలు, మూడో రోజు. పోకర్ పందెం. రాష్ట్రం వంద డాలర్లకు ఒప్పుకుంది. ఐదుకు మించొద్దని తెగ తరఫు సభ్యురాలు అడిగారు. కారణం అడిగితే, 'మా ఇళ్ళ సంగతి మాకు తెలుసు' అన్నారు. అంతకు మించి చెప్పలేదు. పేరు..." అతను తలెత్తి చూశాడు. చదవడానికి ఇష్టపడలేదు. పుట తిప్పి ఓర్విల్ ముందు పెట్టాడు.

డెల్ఫిన్ గుడ్‌స్కై. సంతకం కూడా ఉంది. ఆమె కిరాణా చీటీ మీద రాసినా అంత గుండ్రంగానే రాసేది.

 ఓర్విల్ ఆ పేరు వంక చూస్తూ ఉండిపోయాడు.

ఒడంబడికకు రెండేళ్ళ ముందు సంగతి. పట్నం క్లబ్బులో ఒకే ఆటలో అతను లారీ పోగొట్టుకున్నాడు. అంతకు ముందు వారం చలికాలం ఇల్లు వెచ్చబెట్టే గ్యాసుకని దాచిన డబ్బు పోయింది. ఆ జనవరి అంతా డెల్ఫిన్ కూతుర్ని తీసుకుని రోవెనా ఇంట్లో ఉంది. అతను గడ్డకట్టిన ఇంట్లో కోటు వేసుకుని పడుకున్నాడు. ఆమె తిరిగొచ్చాక ఒక్క మాట అడగలేదు. తర్వాత ఇక్కడ కాసినో వచ్చింది. ఐదు డాలర్ల ఆటలో ఏముంది, అది ముసలమ్మల ఆట అని అతను ముక్క పట్టుకోవడమే మానేశాడు. మానేశానని అందరికీ చెప్పుకున్నాడు. తాగుడు మానినవాళ్ళకు కూడా తన కథ చెప్పాడు. మనసు గట్టిది చేసుకుంటే చాలు అన్నాడు.

డెల్ఫిన్ పోయేదాకా రోజూ అన్నం దగ్గర ఆ ఐదు డాలర్లను తిట్టాడు. ఆమె చేపల పులుసు వడ్డిస్తూ వినేది. ఇంకొంచెం వేయనా అనేది.

"నీకు తెలుసా?" అన్నాడు రోవెనాతో, తల తిప్పకుండా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు సాయంత్రం నుంచి. ఎవరికీ చెప్పొద్దంది. ఏ ఇంటి సంగతో నీకు తెలుసు గదా బావా."

"ఈ ఉద్యోగం? ఇన్‌స్పెక్టరుగా పెట్టమని..."

 రోవెనా చెప్పక్కర్లేదు. కాసినో ఇన్‌స్పెక్టరు ఆ కాసినోలో ఏ ఆటా ఆడకూడదు. ఆడితే ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. ఓర్విల్ దరఖాస్తు నింపింది డెల్ఫిన్. తీసుకెళ్ళి ఇచ్చింది డెల్ఫిన్. ఒక కంచె చాలదని రెండోది కూడా కట్టింది. అతను ఆ రెండు కంచెల మధ్య నిలబడి, నేను ఎక్కడికీ పోలేదు చూడండని గొప్ప చెప్పుకున్నాడు.

"ఒక్క మాట చెబితే పోయేదేముంది," అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. "నా మొహాన చెప్పుంటే..."

"చెబితే మానేవాడివా?" అంది రోవెనా.

క్లేటన్ సందు చూసుకున్నాడు. "చూశావుగా బాబాయ్. ఆ ఐదు రాష్ట్రం పెట్టింది కాదు, తెగకి కావాల్సిందీ కాదు. ఒక ఇంటి గొడవ. దానికి మూడొందల కుటుంబాలు ఇన్నేళ్ళు కట్టుబడి ఉన్నాయి. ఇప్పుడైనా తీసేద్దాం. నీకు కోపంగా లేదూ? సంతకం పెట్టు."

కోపంగా ఉంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎక్కడికి పోతుంది? ఓర్విల్ కలం తీసుకున్నాడు. రోవెనా కళ్ళు దించుకుంది. క్లేటన్ కాగితాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

ఓర్విల్ ఆ కాగితాన్ని వెనక్కి తిప్పాడు. ఖాళీ వైపు పైకి వచ్చింది.

"ఆ బొమ్మ మళ్ళీ వెయ్యండి," అన్నాడు గుండర్సన్‌తో. "ఆవిడ తలెత్తిన దగ్గర. నా చేతులు చూడొద్దు. నా మూతి చూడండి."

బొమ్మ కదిలింది. స్తంభం పక్కన ఓర్విల్. చేతులు జేబుల్లో. కింది పెదవి బల్ల వైపు ముందుకు సాగింది. ఒక క్షణం. వెనక్కి వచ్చింది.

"మళ్ళీ వెయ్యండి."

గుండర్సన్ మూడుసార్లు చూశాడు.

"ఇది..."

"మేం వేలు పెట్టి చూపించం. మర్యాద కాదు. దారి అడిగితే మూతితో చూపిస్తాం. ఎవడు దొంగో అడిగినా మూతితోనే. కానివ్వు అనాలన్నా అంతే. ఆవిడ అడిగింది, నేను కానిమ్మన్నాను. నాకు పరిమితి తెలుసు, పందెం కనపడింది, తెలిసే ఒప్పుకున్నాను. నా పెళ్ళాం పేరు మీద ఆట అది. మా లెక్కలో జూదం కాదు గదా, రాయాల్సిన పనేముందనుకున్నాను. రాయాల్సింది. అది నా తప్పు. ఆవిడది కాదు."

"మూతి కదిలిందని నేను ఎలా రాసుకోవాలి?" అన్నాడు గుండర్సన్. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగాడు.

"ఇదుగో, వీణ్ణి అడగండి. రీడ్ లేక్‌లో నాలుగేళ్ళ పిల్ల కూడా చెబుతుంది. చైర్మన్ చెప్పలేడా?"

గుండర్సన్ క్లేటన్ వైపు తిరిగాడు. క్లేటన్ కిటికీలోంచి పడవల వంక చూస్తున్నాడు. పూసల టై సర్దుకున్నాడు. అబద్ధం చెప్పడానికి అతనికి చాలా వ్యవధి దొరికింది. వాడుకోలేదు.

"అవును," అన్నాడు చివరికి. "కానిమ్మన్నట్టే."

ఓర్విల్ అన్నదంతా కాగితం ఖాళీ వైపు రాశాడు. ఆరు వరుసలు. సంతకం పెట్టాడు. గుండర్సన్ చదువుకుని, రోవెనాతో మర్యాదగా చెప్పాడు. డీలరు ఇన్‌స్పెక్టరు అనుమతితో పంచినట్టు తేలింది కాబట్టి మీ లైసెన్సు జోలికి ఎవరూ రారు. శుక్రవారం సంతకాల సంగతి నేను చెప్పలేను, పై వాళ్ళను అడగాలి.

క్లేటన్ లేచాడు. మొహం కందిపోయింది.

"బాగుంది బాబాయ్. క్లినిక్ కప్పు మీద మంచు పడి కారేటప్పుడు వచ్చి మూతి చూపించు. ఆగుతుందేమో."

తలుపు గట్టిగా వేసుకుని పోయాడు.

ఓర్విల్ చొక్కాకు ఉన్న ఇన్‌స్పెక్టరు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డ మీద చిన్న తెల్ల మచ్చ మిగిలింది. గుండర్సన్ దస్త్రంలోంచి ఇంకో కాగితం తీశాడు. ఒడంబడిక ప్రకారం ఇది చదివి వినిపించడం నియమం, ఏమనుకోకండి అన్నాడు. పదవి నుంచి తొలగింపు ఈ క్షణం నుంచే అమలు. జీతం ఇవాళ్టితో ఆఖరు. ఉద్యోగుల గదుల్లోకి రాకూడదు. ఉద్యోగులకు ఉన్న ఇతర నిషేధాలేవీ ఇకపై ఓర్విల్ గుడ్‌స్కైకి వర్తించవు.

"బావా, ఉండు, నీతోపాటు వస్తాను. నా కాగితం మీద సంతకం తీసుకుంటాడట, రెండు నిమిషాలు," అంది రోవెనా. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎక్కడికీ పోకు. ఇవాళ మా ఇంట్లో తిందువు గాని."

ఓర్విల్ ఉండలేదు. కాళ్ళు అప్పటికే మెట్లు దిగుతున్నాయి. సగం దిగాక గుండర్సన్ చదివిన ఆఖరి వాక్యం అతనికి అర్థమైంది. ఇంకో రెండు మెట్లు దిగి ఆగాడు. మళ్ళీ దిగాడు.

ఉద్యోగుల తలుపు వాడకూడదు. బయటికి పోవాలంటే పోకర్ గది మధ్య నుంచే దారి. పదకొండు గంటల జనం. బస్సులో వచ్చిన పింఛను ముసలివాళ్ళు, తుపాకీ బొమ్మ టోపీలు పెట్టుకున్న ఇద్దరు రైతులు. బిళ్ళల చప్పుడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు మధ్య కాపలాదారులా తిరిగాడు. ఇవాళ అది చెవిలో పడలేదు, అరచేతుల్లో పడింది. వేళ్ళు వాటంతటవే జేబులో పర్సును తడిమాయి. అందులో కిందటి నెల జీతం అలాగే ఉంది. ఖర్చు పెట్టడానికి ఇంట్లో ఎవరున్నారు?

ఏడో బల్ల దగ్గర నిన్ననే చేరిన డీలరు పిల్ల ఉంది. పక్క ఊరి పిల్ల. ఓర్విల్ ఎవరో ఆ పిల్లకు తెలియదు. చొక్కా మీద బిళ్ళ లేని ఒక పెద్దమనిషి బల్ల పక్కన ఆగి నిలబడటం చూసింది. నవ్వింది.

"రండి తాతయ్యా, ఒక కుర్చీ ఖాళీ ఉంది. ఐదు డాలర్ల ఆటే, భయం లేదు. శుక్రవారం అయితే మీరే భయపడతారు."

ముసలివాళ్ళు నవ్వారు. వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు గబగబా దిగుతోంది. రోవెనా గొంతు గదంతా వినబడింది.

"బావా! వద్దు బావా!"

ఓర్విల్ తల తిప్పలేదు. ఏడాది తర్వాత మొదటిసారి అతని కాళ్ళు నిలకడగా ఉన్నాయి. అతను కుర్చీ వెనక్కి లాగి కూర్చున్నాడు.